కుక్కరు మీద ప్రమాణం

ఆ రోజుల్లో ఉద్యోగం ఎట్లా సంపాదించాలో, సరుకు ఎట్లా అమ్మాలో చెప్పే వీడియోలు లేవు. డిగ్రీ పాసైనవాడు చొక్కా ఇస్త్రీ చేయించుకుని, సర్టిఫికెట్లను ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని, తెలిసినవాళ్ళ ఇళ్ళ చుట్టూ తిరిగేవాడు. అంతే. ఇప్పుడు మా వీధి పిల్లలు ఇంటర్వ్యూకు ముందురోజు నా దగ్గరికి వస్తారు. "అంకుల్, సేల్స్ ఉద్యోగం. ఏం చెప్పమంటారు?" అని అడుగుతారు. అమ్మబోయే వస్తువును ముందు మీ ఇంట్లో వాడి చూడండి అంటాను. ఎవరి గడప తొక్కినా వాళ్ళిచ్చిన మంచినీళ్ళు తాగండి, తెలియనిది అడిగితే తెలియదని చెప్పండి అని కూడా అంటాను. వాళ్ళు తలూపి, ఇంకేదో పెద్ద రహస్యం బయటికొస్తుందని కాసేపు కూర్చుని, రాకపోయేసరికి లేచిపోతారు. రహస్యమేమీ లేదు. మొదటి సలహా నాకు ఎట్లా వచ్చిందో చెప్పాలంటే మాత్రం కొంచెం సిగ్గు. అందుకే వాళ్ళకు చెప్పను. మీకు చెబుతాను.

నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. చిత్తూరులో ఉండేవాళ్ళం. నాయన కోర్టులో గుమస్తా. తిరుపతిలో ప్రెషర్ కుక్కర్ల ఏజెన్సీ ఒకటి, పల్లెల్లో తిరిగి అమ్మేందుకు మనుషులు కావాలంటే పోయి చేరాను. చేరాను అనడం కూడా పెద్ద మాటే. నెల రోజుల్లో పది కుక్కర్లు అమ్మితే ఉద్యోగం ఖాయం, లేకపోతే శాంపిల్ సంచి తిరిగి ఇచ్చేసి ఇంటికి పోవాలి. మాకు పాఠం చెప్పినాయన పేరు నాకిప్పుడు గుర్తులేదు. మే నెలలో, ఫ్యాను లేని లాడ్జి గదిలో కూడా మెడకు టై బిగించుకునేవాడు కాబట్టి టై సార్ అనుకునేవాళ్ళం. ఆయన బోధించింది మాత్రం అక్షరం పోకుండా గుర్తుంది. "ఆడవాళ్ళు కంపెనీని నమ్మరయ్యా. ఇంకో ఆడమనిషిని నమ్ముతారు. కాబట్టి ప్రతి ఇంట్లోనూ మొదటి మాట ఇదే చెప్పండి: మా అమ్మ రోజూ దీంట్లోనే వండుతుంది."

మా అమ్మ రోజూ కట్టెల పొయ్యి మీద వండేది. తొందరైతే కిరసనాయిలు స్టవ్వు. ఎవరో దూరపు చుట్టాల ఇంట్లో కుక్కరు మూత ఎగిరి కప్పుకు తగిలిందని విన్నప్పటినుంచి ఆ వస్తువు పేరెత్తితేనే "బాంబు" అనేది. నా శాంపిల్ కుక్కరును కూడా వరండా దాటి లోపలికి రానిచ్చేది కాదు. (అది రోజూ నా చెప్పుల పక్కనే పడుకునేది.)

మూడు వారాలు తిరిగి మూడు అమ్మాను. నాలుగో వారం కాణిపాకం పోయాను. గుడికి పోయే దారిలో టెంకాయలమ్మే అవ్వ ఒకామె ఉండేది. ఆమె ఏది కొంటే ఆ వీధి అదే కొంటుందని టీ కొట్టు దగ్గర విన్నాను. ఆమె ముందు కుక్కరు పెట్టి, మూత తీసి, మూత పెట్టి, టై సార్ చెప్పిన మొదటి మాట చెప్పాను.

అవ్వ టెంకాయ పీచు తీయడం ఆపింది. "మీ యమ్మ రోజూ దీంట్లోనే వండుతాదా?"

"రోజూ అవ్వా."

"ఎన్నేండ్ల నించి?"

"రెండేండ్ల నించి." (ఇది టై సార్ చెప్పమనలేదు. నోరే చెప్పేసింది.)

"ఏమీ కాలేదు కదా?"

"ఏమీ కాలేదు."

"నా మనవరాలు పొయ్యి కాడే ఆడుకుంటాది నాయనా. అందుకని అడుగుతాండా. సరే, రేపు పొద్దున తలకు పోసుకోని రా. గుళ్ళో సామి ముందర ఈ మాటే చెప్పు. నేనొకటి తీసుకుంటా. ఈ వీధిలో ఇంకో ఆరుగురి చేత తీయిస్తా."

మూడూ ఏడూ పది. ఉద్యోగం నా చేతిలో ఉంది, మధ్యలో వినాయకుడు ఉన్నాడు. మా జిల్లాలో పొలం గట్టు తగాదా అయినా, మొగుడి తాగుడైనా "కాణిపాకంలో ప్రమాణం చేస్తావా?" అంటే సగం మంది నిలబడ్డ చోటే నిజం ఒప్పేసుకుంటారు. కోర్టులో తొణక్కుండా అబద్ధం చెప్పినవాడు కూడా ఆ బస్సు మాత్రం ఎక్కడు. నేను మాత్రం "అట్లాగే అవ్వా" అని తలూపి, కుక్కరు చంకన పెట్టుకుని చిత్తూరు బస్సెక్కాను. దారిలో నాకొక ఉపాయం తోచింది. అబద్ధం చెప్పకుండా ఉండాలంటే తెల్లారేలోపు దాన్ని నిజం చేసేస్తే సరి. అమ్మ చేత ఈ పూటే వండించాలి!

ఇంటికి పోయి సంగతి చెప్పాను. నాయన పడక్కుర్చీలో వెనక్కి వాలి కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వినాడు. "ఒరే, రోజూ సాక్షుల్ని సూస్తాండా నేను. నీయంత తెలివైనోణ్ణి యాడా సూడలేదు. రెండేండ్ల వంట ఒక్క పూటలో వండిస్తావా?"

అమ్మ నవ్వలేదు. "నా పేరు చెప్పి అబద్ధమాడినావా? ఎన్ని ఇండ్లల్లో?"

తల వంచుకున్నాను. ఆమె నా చంకలోని కుక్కరు వైపు చూసి, "అది అమ్మకపోతే ఉద్యోగం పోతాదా?" అంది.

"పోతాదమ్మా."

"తే, ఆ బాంబు."

ముందుగా దేవుడి పటాలు, తర్వాత ఆవకాయ జాడీ, ఆ తర్వాత మా నాయనను వంటింట్లోంచి బయటికి పంపింది. కందిపప్పు కడిగి పోసింది. నేను మూత బిగించి విజిల్ పెట్టి స్టవ్వు వెలిగించాను. ఇద్దరం గుమ్మం అవతల నిలబడ్డాం. కుక్కరు ముందు గుసగుసలాడింది, తర్వాత బుసకొట్టింది, ఆ పైన కూత పెట్టింది. ఆ కూతకు అమ్మ చెప్పులు కూడా లేకుండా వీధిలో ఉంది. ఎదురింటివాళ్ళు దొంగ పడ్డాడేమోనని బయటికొచ్చారు. అంతా సద్దుమణిగాక అమ్మ లోపలికి వచ్చి, మూత తీయించి, పప్పును గరిటెతో నొక్కి చూసింది. వెన్నలా ఉంది. అమ్మ మొహంలో సంతోషం కంటే అనుమానం ఎక్కువగా కనబడింది. "ఇంత బిన్నా ఉడికిపోతే ఇంక కూరాకులు ఎప్పుడు తరుక్కునేదిరా?" అంది.

తెల్లారి నేను స్నానం చేసి వచ్చేసరికి అమ్మ అన్నం కూడా దాంట్లోనే వండి, కుక్కరును తువ్వాలులో మూటగట్టి, మంచి చీర కట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. "నేనూ వస్తా. నా మాట నేనే చెప్తా."

బస్సులో బతిమాలాను, ఊరకే పక్కన నిలబడితే చాలునని. వినలేదు. అవ్వ కొట్టు ముందు మూట దించి, నేను నోరు తెరిచేలోపే మొదలుపెట్టింది. "అవ్వా, వీడు నిన్న నీకు చెప్పింది అబద్ధం. రెండేండ్లు కాదు, రెండు పూటలు వండినా. తప్పు వాడిది, వాణ్ణి తిట్టు. వస్తువును తిట్టద్దు."

అవ్వ నన్ను ఎగాదిగా చూసింది. "నువ్వు గుళ్ళోకి పోయి తప్పైందని చెప్పుకోని రా పో," అని నన్ను పంపేసి, అమ్మ వైపు తిరిగింది. "కూర్చో అమ్మణ్ణీ. ఆ కూత వచ్చినప్పుడు ఏం చేసినావు?"

"పరిగెత్తినా."

"యాడికి?"

"వీధిలోకి."

నేను గుళ్ళో చెంపలేసుకుని, గుంజీళ్ళు తీసి, ఉద్యోగం పోయినట్టేనని ఖాయం చేసుకుని బయటికొచ్చేసరికి అవ్వ ఇంట్లోంచి కూత వినిపించింది. వెంటనే ఇద్దరు ఆడవాళ్ళు, మా అమ్మ ముందు, మనవరాలిని చంకనేసుకుని అవ్వ వెనక, వీధిలోకి పరిగెత్తుకొచ్చారు. చుట్టూ పదిమంది మూగారు. ఇద్దరూ ఒకరి భుజం ఒకరు పట్టుకుని ఊపిరి తిరగనంతగా నవ్వుతున్నారు. "ఆవిరంతా పోయేదాకా బిడ్డను లోపలికి రానియ్యద్దు. మూత బలవంతంగా తీయద్దు. నాకూ భయమే, కానీ పప్పు సూడు," అని అమ్మ అందరికీ తలా ఒక గరిటె పెట్టింది. నెల రోజుల నా ఉపన్యాసంలో పప్పు రుచి గురించి ఒక్క ముక్క లేదని అప్పుడు తెలిసింది.

అయిదుగురు తీసుకున్నారు. అవ్వ అందరికంటే ముందు తీసుకుంది. "ఉద్యోగం నీకు కాదురా, మీ యమ్మకియ్యాల," అని నా నెత్తిన ఒక మొట్టికాయ వేసింది. మొత్తం ఎనిమిది. శనివారం లెక్క చూడడానికి టై సార్ వచ్చేలోగా రెండు రోజులు, ఇంకో రెండు కుక్కర్లు.

తిరుగు బస్సులో అమ్మ కిటికీ పక్కన కూర్చుంది. చెమటకు కుంకుమ కరిగి ముక్కు మీదికి వచ్చింది. ఆమెను అంత హుషారుగా నేనెప్పుడూ చూడలేదు. "రేపు యాడికిరా?" అని అడిగింది.

వెనక సీట్లో నాతో కాలేజీలో చదివినవాడు ఒకడు ఉన్నాడు. అమ్మను వెంటబెట్టుకుని సామాన్లమ్ముతున్నానని వాడికి తెలిస్తే ఎట్లా అనుకున్నాను. "రేపు నేనొక్కణ్ణే పోతాలేమ్మా," అన్నాను.

"సరే," అని ఆమె మామిడితోటల వైపు తిరిగింది.

ఆ రెండు రోజులూ రెండు ఊళ్ళు ఒంటరిగా తిరిగాను. ఈసారి అబద్ధం చెప్పలేదు, ఒక్కటీ అమ్మలేదు. శనివారం టై సార్ వచ్చి, సంచి తీసుకుని, "నీకు మాటతీరు లేదయ్యా," అని సానుభూతిగా చెప్పి పోయాడు. ఉద్యోగం పోయినందుకు నాకు పెద్దగా దిగులు లేదు, వేరే దారులు దొరికాయి. కానీ ఆ బస్సులో నేను రావద్దన్న తర్వాత కూడా, కిటికీలోంచి బయటికి చూస్తూ, అమ్మ పెదాలు మెల్లగా కదులుతూనే ఉన్నాయి. కొత్త ఊళ్ళో కొత్త ఆడవాళ్ళకు ఏం చెప్పాలో తనలో తానే అనుకుంటోందని అర్థం కావడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. ఇప్పుడా బస్సులో అప్పటి నా పక్కన, ఆ ఇరవై రెండేళ్ళ కుర్రాడి పక్కన, రెండు నిమిషాలు కూర్చునే వీలు దొరికితే సలహాలేమీ చెప్పను. వాడి చెవి పట్టుకుని, "ఒరే, రేపు రెండు టికెట్లు తీసుకో," అంటాను.