కెమెరాకు నీళ్ల అంగీ

జగిత్యాలలో కెమెరాల దుకాణం ఆయన నా మాటంతా ఓపికగా విని, లోపలికి వెళ్లి, ఒక ప్లాస్టిక్ తొడుగు తెచ్చి బల్ల మీద పెట్టాడు. వాన పడేటప్పుడు కెమెరా మీద కప్పేది.

"వాన కాదన్నా. కెమెరా నీళ్లల్ల మునగాలె" అన్నాను.

"అందరు నీళ్లల్ల పడకుంట సూస్కుంటరు. నువ్వే ముంచుత అంటవేంది చెల్లె?" అన్నాడాయన.

న్యాయమైన ప్రశ్నే. ఎటు పోయినా సముద్రం తగలని జిల్లా మాది. ఆయన్ని తప్పుపట్టలేక, ఏమీ కొనకుండా రాలేక, ఒక బ్యాటరీ కొనుక్కుని బయటపడ్డాను.

మునగాల్సింది మా బాపు చేతిలో. మా బాపు నేల మీద నిలబడి ఉండగా చూసినవాళ్లు తక్కువ. పొద్దున తాటిచెట్టు మీద ఉంటాడు, ఎండాకాలం మధ్యాహ్నాలు బావి అడుగున. కల్లు గీయడం తాతల నుంచి వచ్చిన పని. బావుల్లో పడిపోయిన కరెంటు మోటార్లకు తాడు కట్టి పైకి పంపడం తనంతట తాను నేర్చుకున్నది. మల్లాపూర్‌లో మోటారు జారినా, బుగ్గారంలో జారినా కోరుట్లలో మా ఇంట్లో ఫోను మోగేది. ఆక్సిజన్ సీసాలూ గొట్టాలూ ఏమీ లేవు, ఊపిరి బిగబట్టి దిగడమే. నడుముకు ఒక తాడు ఉంటుంది. దాని రెండో కొస మా అవ్వ పట్టుకుంటుంది. మా వైపు బాపు అంటే నాన్న, అవ్వ అంటే కన్నతల్లి. ముసలమ్మ అనుకుని మాట్లాడినవాళ్లకు మా అవ్వ చేతిలో మంచి జరగలేదు.

తాడు ఒకసారి కదిలితే బాగున్నానని, రెండుసార్లు కదిలితే లాగమని. వేరేవాళ్లు పట్టుకుంటే బాపు దిగడు. అవ్వ మాత్రం బావిలోకి తొంగి చూడదు. "నాకు కండ్లు తిరుగుతయి. చేను దిక్కు తిరిగి కూసుంట, చేతికి తెలుస్తది గద" అని ముప్పై ఏళ్లుగా చెబుతూ వచ్చింది. ఇంకో సంగతి, ఆమె బాపుతో ఏం చెప్పాలన్నా నాతో చెబుతుంది. ఆయన ఎదురుగా కూర్చుని అన్నం తింటున్నా సరే, "మీ బాపుకు ఇంకింత చారు కావాల్నేమో అడుగు" అంటుంది.

గొడవంతా అరుగు దగ్గర మొదలైంది. మల్లాపూర్ దగ్గర ఒక పెద్ద వ్యవసాయ బావి ఉంది. దాని అడుగున రాతి అరుగు ఉందని బాపు ఎప్పటి నుంచో అంటాడు.

"మన ఇంటి ముందటి అరుగు లెక్కనే ఉంటది బిడ్డా. ఇద్దరు కూసోవచ్చు."

"నీళ్లల్ల అరుగు ఎవలు కడ్తరు? ఎవలు కూసుంటరని? మీ బాపును కల్లు దిగినంక చెప్పుమను" అని అవ్వ.

నలుగురూ కూర్చుని కల్లు తాగే మండువాలో కూడా ఆ అరుగు పేరెత్తితే నవ్వేవాళ్లు. ఎవరు నవ్వినా బాపు పట్టించుకోడు. అవ్వ నమ్మకపోతే మాత్రం ఆయన ముఖం చిన్నబోతుంది. అది నేను చాలాసార్లు చూశాను.

కిందటి ఎండాకాలం ముందు జగిత్యాలలో చెవుల డాక్టరు, చెవి తెర పలచబడిందని, ఇక లోతుకు దిగడం మానుకోమని చెప్పాడు. బాపు బేరం పెట్టాడు. చివరికి, నీళ్లు బాగా తగ్గినప్పుడు ఒక్కసారి, మెల్లగా, నొప్పి లేస్తే వెంటనే పైకి రావాలన్న షరతు మీద డాక్టరు ఒప్పుకున్నాడు. అవ్వ ఇంకో షరతు కలిపింది. "ఒక్కటంటే ఒక్క మునుక. రెండోది అన్నడనుకో, తాడు ఆడనే ఇడిసి ఇంటికి పోత. చెప్పు మీ బాపుకు."

కోరుట్లలో నాకు చిన్న ఫోటో స్టూడియో ఉంది. ఊళ్లో సగం మంది ముఖాలు నేను తీసినవే. మా బాపు ముప్పై ఏళ్లు పోయి వస్తున్న చోటుది ఒక్క ఫోటో కూడా లేదు. ఆ ఒక్క మునకలో అరుగు ఫోటో రావాలి, ఆయన మాట అబద్ధం కాదని అవ్వ కళ్లారా చూడాలి. నాకు కావలసింది అంతే, కానీ అది చాలా గట్టిగా కావాలి.

మొదట ఫోనుతో కానిద్దామనుకున్నాను. మెడలో వేసుకునే జిప్పు సంచిలో ఫోను పెట్టి బకెట్లో ముంచాను. నీళ్లు తగలగానే దానికి పూనకం వచ్చింది. నేను ముట్టకుండానే తెర అటూ ఇటూ జరిగి, సిరిసిల్లలో ఉన్న మా అక్కకు ఫోను కలిపింది. ఎత్తింది బావ.

"ఏంది మరదలా, నీళ్ల సప్పుడొస్తున్నది? తానం చేసుకుంట ఫోన్ చేసినవా?"

సంగతి చెప్పక తప్పలేదు. బావ సాంచాల మేస్త్రీ. బట్ట నేసే ఆ మిషన్లు ఆగిపోతే చెవి పెట్టి విని రోగం చెప్పగలడు. "ఫోను ఎందుకు, బటన్ ఉన్న చిన్న కెమెరా ఉన్నది గద నీ దగ్గర? అది పట్టుకొని రా. నేను డబ్బా చేసిస్త" అన్నాడు. ఒకప్పుడు పాస్‌పోర్ట్ ఫోటోలు తీసిన నా జేబు కెమెరా బీరువాలో ఖాళీగానే ఉంది. బస్సెక్కి సిరిసిల్ల వెళ్లాను.

బావ వారం రోజులు కష్టపడ్డాడు. స్టీలు టిఫిన్ డబ్బాకు గుండ్రంగా కంత కోసి అద్దం బిగించాడు. మూతకు కుక్కర్ రబ్బరు వేశాడు. నాలుగు పక్కలా నాలుగు బోల్టులు పెట్టాడు. లోపల కెమెరా కదలకుండా దూది పరిచాడు. ఇంటి వెనక నీళ్ల హౌజులో పొద్దున ముంచి మధ్యాహ్నం తీస్తే చుక్క నీరు లేదు. అక్క దిష్టి తీసింది కూడా. అప్పుడు అడిగాను.

"బావా, బటన్ ఎట్ల నొక్కాలె?"

బావ డబ్బాను అటూ ఇటూ తిప్పి చూశాడు. బావ నీళ్ల గురించి ఆలోచించాడు, అద్దం గురించి, బరువు గురించి ఆలోచించాడు. వేలు సంగతి మరిచిపోయాడు.

"ముందుగాల నొక్కి మూత పెడ్తే? పది సెకన్లకు దానంతటదే తీసుడు ఉంటది గద?"

"నాలుగు బోల్టులు బిగించుటానికే పది నిమిషాలైతది బావా."

ఆ డబ్బాలో ఇప్పుడు అక్క ఎండుమిరపకాయలు పెట్టుకుంటోంది. ఇంతవరకు ఒక్క పురుగు పట్టలేదని బావ వచ్చినవాళ్లందరికీ చెబుతాడు.

ఇక బుద్ధిగా ఆన్‌లైన్లో వెతికాను. నీళ్లలో దిగేవాళ్లు కెమెరాకు తొడిగే గట్టి ప్లాస్టిక్ పెట్టెలు దొరుకుతాయి. హౌసింగ్ అంటారు. ప్రతి బటన్‌కూ పైన ఒక స్ప్రింగు బటన్ ఉంటుంది, బయట నొక్కితే లోపలిది నొక్కుకుంటుంది. అయితే ఏ పెట్టె ఏ కెమెరాకో దానికే. మోడల్ కొంచెం తేడా ఉన్నా కుదరదు, పెళ్లి సంబంధాల కన్నా కష్టం. మొదట వచ్చింది మా కెమెరా తర్వాతి మోడల్‌ది. అన్న చొక్కా తమ్ముడు వేసుకున్నట్టు, కెమెరా అందులో అటూ ఇటూ దొర్లింది. తిప్పి పంపాను. చివరికి ఒకచోట పాత సరుకులో ఒక్కటంటే ఒక్కటి మిగిలి ఉంది. నల్లది కాదు, లోపల కనబడేది. నీరు దిగితే వెంటనే తెలుస్తుందని అదే మంచిదనుకున్నాను.

"ఎంత లోతు దాక పనికొస్తదట?" అని బాపు అడిగాడు.

"నలభై మీటర్లు బాపూ."

"మన బావిల ఇప్పుడు నీళ్లు ఆరు గజాలు లెవ్వు. మిగిలిన లోతు ఏం జేసుకుందాం?"

అయినా ఆయనకు అది నచ్చింది. "కెమెరాకు నీళ్ల అంగీ" అని పేరు పెట్టి, చేతిలో తిప్పి తిప్పి చూశాడు. ఉత్త పెట్టె నీళ్లలో తేలిపోతోందని, సిరిసిల్ల బావ పంపిన ఇనుప నట్టు ఒకటి కింద కట్టాడు. బావ పరువు అట్లా కొంత నిలబడింది. లోపల న్యూస్‌పేపర్ ముక్క పెట్టి, పైన రాయి బరువు పెట్టి, పూటంతా తొట్టిలో ముంచాం. కాగితం పొడిగా ఉంది. మూత అంచున ఉండే సన్నని రబ్బరు రింగు మీద వెంట్రుక పడినా నీళ్లు దిగుతాయని ఇంట్లో అందరికీ గట్టిగా చెప్పాను. అవ్వ చిక్కుడుకాయలు తుంచుతూ విన్నది. "ముప్పై ఏండ్ల సంది కుక్కర్ మూత పెడ్తున్న. రబ్బరు సంగతి నాకు చెప్తున్నది" అంది.

దిగే రోజు బావి గట్టు మీద అవ్వ కొబ్బరికాయ కొట్టింది. కొత్త వస్తువు కదా, పెట్టెకు పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టింది. మా ఇంట్లో సైకిల్ నుంచి మిక్సీ దాకా అందరూ ఆ బొట్టు పెట్టుకున్నవాళ్లే. నేను మురిసిపోయి ఫోనుతో ఒక ఫోటో కూడా తీసి, స్కూటర్‌ను చెట్టు నీడలో పెట్టి వద్దామని వెళ్లాను.

తిరిగొచ్చేసరికి బాపు నడుముకు తాడు కట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. నేను ఆయన వెంట బావి మెట్లు దిగి, నీళ్ల దగ్గర చివరి మెట్టు మీద కూర్చున్నాను. అవ్వ పైన, నా వెనక. బాపు కెమెరా పట్టీ మణికట్టుకు చుట్టుకుని, మూడుసార్లు ఊపిరి తీసుకుని మునిగాడు. తాడు ఒకసారి కదిలింది. ఎంతసేపో చెప్పలేను, ఆ కాసేపు నేను కూడా ఊపిరి తీసుకోలేదు. రెండుసార్లు కదిలింది.

బాపు నవ్వుతూ పైకి తేలి పెట్టెను ఎత్తి చూపించాడు. లోపల సగం దాకా నీళ్లు. పచ్చగా, చిక్కగా, పసుపు నీళ్లు. వాటి మధ్య నా కెమెరా. కెమెరా నుదుట కుంకుమ బొట్టు.

మూత తీస్తే రబ్బరు రింగు మీద ఒక అక్షింత అతుక్కుని ఉంది.

"అవ్వా! మూత ఎవలు తీసిండ్రు?"

"నేనే తీసిన. పై డబ్బాకు పసుపు, బొట్టు పెట్టి, లోపలిదానికి పెట్టకపోతే ఎట్ల? నాలుగు అక్షింతలు ఏసి మల్ల గట్టిగనే పెట్టిన."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అనరాని మాటలు అన్నాను. ఆ తర్వాత ఏడుపొచ్చింది. ఇంకొక్కసారి దిగుతానని బాపు అనబోయాడు, కానీ ఆయన చెయ్యి చెవి మీదే ఉంది. అవ్వ తాడు చుట్ట చుట్టేసింది.

ఇంటికి రాగానే అవ్వ కెమెరాను బియ్యం డబ్బాలో పూడ్చిపెట్టింది, తడి లాగుతాయని. ఒక్క గింజ చేసిన పాపాన్ని డబ్బాడు గింజలు కడగాలన్నమాట. కెమెరా ఇక లేవలేదు. మెమరీ కార్డు మాత్రం తుడిచి ఆరబెట్టి, మర్నాడు స్టూడియోలో కంప్యూటర్‌కు పెట్టాను. బాపూ అవ్వా నా వెనక స్టూళ్ల మీద కూర్చున్నారు.

నాలుగు ఫోటోలు ఉన్నాయి. ఒకటి నా కాళ్లు. ఒకటి బాపు బొటనవేలు. మూడోది ఆకుపచ్చ మసక, ఫ్లాష్ పడి పిండి చల్లినట్టు చుక్కలు.

"అరుగేది బాపూ?"

బాపు గొంతు సవరించుకున్నాడు. "అరుగు కాడ ఏం కనవడది బిడ్డా. అంత సీకటే. చేత్తోని తడిమిన, కూసున్న, గంతే."

"మరి ఇన్నేండ్లు సూసిన సూసిన అన్నవు గద!"

"కూసున్నోడు సూసినట్టే గద."

అవ్వ గెలిచింది. స్టూలు మీద సర్దుకుని కూర్చున్న తీరులోనే తెలుస్తోంది. నేను నాలుగో ఫోటో తెరిచాను.

అది కింది నుంచి పైకి తీసింది. చుట్టూ చీకటి, మధ్యలో వణుకుతున్న గుండ్రటి వెలుగు. బావి నోరు. ఆ వెలుగు అంచు మీద నుంచి ఒక మనిషి నడుము దాకా వంగి ఉంది. కొంగు జారి కిందికి వేలాడుతోంది. రెండు చేతుల్లో తాడు.

"గిదెందుకు తీసినవు బాపూ?" అన్నాను.

"కింద కంటికి కనవడేది గదొక్కటే బిడ్డా."

అవ్వ కళ్లద్దాలు పెట్టుకుని తెర దగ్గరికి వచ్చింది. చాలాసేపు చూసింది. చేను వైపు తిరిగి కూర్చునే మనిషి.

"ఎవలే గీమె? గట్ల వంగితె బావిల పడదా?"

బాపు ఆమె వైపు చూడలేదు. నాతో అన్నాడు.

"మీ అవ్వకు చెప్పు బిడ్డా. ముప్పై ఏండ్ల సంది కింది నుంచి సూస్తున్న. ఒక్కసారి పడలే."