పసుపు పటాలం

మా పై అంతస్తులో రిటైరైన బడిపంతులొకాయన ఉంటారు. బర్మా ఆయన; మేం తాతల నాడు ఈ దేశం వచ్చిన తెలుగువాళ్ళం. లమ్మడా పేటలో మా వీధంతా ఆయన్ని సయా అంటుంది, గురువుగారని. ఆయన మనవడు ఇప్పటి యుద్ధంలోకి వెళ్ళాడు. నెలలుగా కబురు లేదు. ఏ పక్కన ఉన్నాడో ఆయన చెప్పరు, మేం అడగం. దిగులు మరవడానికి కాబోలు, వాళ్ళ నాన్న పనిచేసిన వాలంటీర్ పటాలం చరిత్ర రాయడం మొదలుపెట్టారు. బర్మాకి స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో అంతర్యుద్ధం ముంచుకొస్తే, సేక్కాన్ రేవు కూలీలూ గుమస్తాలూ కలిసి చేరిన పటాలం అది. మా తాతా అందులోవాడే. తాత పోయాడు కాబట్టి సయా తొంభై దాటిన మా మామ్మ దగ్గరికొచ్చారు. మామ్మని ఆయన 'అమే' అంటారు, అమ్మా అని.

"అమే, మీ ఆయన ఏ పోరాటాల గురించి చెప్పేవారు?" అన్నారు గంభీరంగా.

"పోరాటాలు నాకేటి తెలుసు సయా! సొక్కాలు తెలుసు."

మామ్మ బర్మీస్‌లో మొదలెట్టి, హుషారు పొంగేసరికి తెలుగులోకి జారిపోయింది. ఆయనకు తిప్పి చెప్పడం నా వంతయింది.

మావాళ్ళలో ఎవరైనా గండంలోకి వెళ్తుంటే ముందు అమ్మోరికి ముర్రాట పోస్తారు. కుండెడు పసుపునీళ్ళు, అందులో వేపాకు. పటాలం మర్నాడు కదులుతుందనగా, కొత్తకోడలైన మామ్మ ఆ కుండ ఎత్తుకుని బయల్దేరింది. సందులో తాళ్ళ మీద యూనిఫారాలు ఆరుతున్నాయి.

"తెలుగోళ్ళవీ, బర్మావోళ్ళవీ, సాయిబులవీ, అందరి సొక్కాలూను. అందరూ అమ్మోరికాడికి రారు గదా! అందుకే అమ్మోరినే ఆళ్ళకాడికి అట్టుకెల్నాను. కుండ మొత్తం గుమ్మరించీసినాను!"

తెల్లారి పరేడ్‌లో దళమంతా పచ్చగా, పెళ్ళికొడుకుల్లా నిలబడింది. కాలర్లలో వేపాకులు. మార్చుకుందామంటే రెండో జత లేదు. హవల్దారు తిట్టి తిట్టి, తనూ అలాంటి చొక్కాయే తొడుక్కుని అందర్నీ మింగళాడోన్ విమానాశ్రయం వైపు నడిపించాడట. దారి పొడుగునా జనం పడీ పడీ నవ్వారట. ఆ హవల్దారే సయా నాన్న.

"మా నాన్నా! పసుపు చొక్కాలోనా!"

సయా కళ్ళజోడు తీసేసి, కడుపు పట్టుకుని నవ్వారు. ఆయన నవ్వగా చూసి ఎన్నాళ్ళయిందో! నాకు గంతులేయాలనిపించింది.

"అందరూ తిరిగొచ్చీసినారు," అంది మామ్మ గర్వంగా.

"వాళ్ళు కాపలా మాత్రమే కాశారు అమే. పసుపు కాపాడిందని చరిత్రలో ఎలా రాయను?"

"రాయకు. మీ అయ్య తిరిగొచ్చినాడు కాబట్టే గదా, నువ్వు పుట్టినావు!"

ఇంకో విడత నవ్వులు, ఇంకో విడత టీ.

మర్నాడు పొద్దున్నే సయా తలుపు తట్టారు. చేతిలో మడత చెదరని తెల్ల చొక్కా. మనవడిది. దాన్ని మామ్మ చేతిలో పెట్టారు. వాడు ఏ పక్కనున్నాడని మామ్మా అడగలేదు.

"ఏటే గుంటా, అలా సూత్తన్నావు? కుండట్టుకురా!"

చొక్కాని నిండా ముంచేసింది. పిండకుండా బాల్కనీలో ఆరేస్తే, పసుపంతా కింద టాక్సీ మీద కారింది. డ్రైవరు తిట్లు లంకించుకున్నాడు. మేం ముగ్గురం కటకటాలు పట్టుకుని, కళ్ళనీళ్ళు కారేదాకా నవ్వాం.

చొక్కా ఎప్పుడో ఆరిపోయింది. పట్టుకెళ్ళమంటే సయా వినరు. వాడే వచ్చి తీసుకుంటాడట.