పేపర్ మీద ఎవరి పేరు

మా కాలేజీలో ఎవరు పేపర్ రాసినా మొదటి పేరు మా డిపార్ట్‌మెంట్ పెద్దసారుదే. చదవడం మాత్రం ఆయన చేసేవారు కాదు. అంత తీరిక ఎక్కడిది? నాకేమో మొదటి పేరు నాదిగా ఒక్క పేపరైనా అచ్చయితే తప్ప పీహెచ్‌డీ ముందుకు కదలదు. గడువు ఆ ఏటితో సరి. నిజామాబాద్‌లో పాఠాలు చెప్పుకునే నాకు అప్పట్లో అంతకు మించిన దిగులు లేదు.

అప్పుడే, పేపర్లు పంపితే అచ్చేస్తామంటూ ఒక వర్క్‌షాప్ ప్రకటన కంటపడింది. ఆస్పెక్ట్ పద్ధతిలో రాసిన సాఫ్ట్‌వేర్ కాలంతో పాటు ఎలా మారుతుందన్నది విషయం. పేరు వింటే భయమేస్తుంది గానీ సంగతి చిన్నదే. ప్రోగ్రాంలో పది చోట్ల పనికొచ్చే నియమాన్ని పదిసార్లు రాయకుండా ఒక్కచోటే రాసి పెట్టుకోవడం.

ఉదాహరణ కోసం ఎక్కడెక్కడో వెతికితే, అది ఎడపల్లి దగ్గర ఒక చిన్న బెల్లం ఫ్యాక్టరీలో దొరికింది. అక్కడ చెరకు కాటా చూసే అన్న గేటుకు, కాటాకు, దించే చోటికి వేర్వేరు రిజిస్టర్లు పెట్టాడు. మూడింటికీ చెల్లే నియమాలను మాత్రం ఒక అట్ట మీద రాసి గోడకు తగిలించాడు. నియమం మారితే అట్ట మారుతుంది, రిజిస్టర్ల జోలికి పోనక్కర్లేదు. రెండు ఆదివారాలు ఆయన పక్కన కూర్చుని, ఆయన పోసిన చెరకు రసం తాగి, ఆ అట్టను ప్రోగ్రాంగా మార్చి ఆరు పేజీలు రాశాను. చివర ‘స్థానిక సిబ్బందికి కృతజ్ఞతలు’ అని కూడా పెట్టాను.

పెద్దసారు పిలిచారు. "నా పేరు ముందుగాల పెట్టినవా అమ్మా?"

"పేర్లే పెట్టొద్దంటున్నరు సార్. పేరు కనవడితే వాపస్ పంపుతరట."

అబద్ధం కాదు. పేపర్ పరిశీలించేవాళ్లకు అది ఎవరు రాశారో తెలియకూడదని నియమం. కాకపోతే వెబ్‌సైట్‌లో పేర్లు నింపడానికి వేరే గడి ఉందన్న సంగతి నేను చెప్పలేదు. అందులో నా పేరొక్కటే టైపు కొట్టి పంపేశాను. ఆ రోజంతా ఒంటరిగా ఉన్నప్పుడల్లా నవ్వుకున్నాను.

రెండు నెలలకు, పేపర్ తీసుకుంటున్నామని జవాబు వచ్చింది. కింద ఒక పరిశీలకుడు అడిగాడు: ఈ అట్ట ఆలోచన ఎవరిది, ఆ మనిషి రచయితల్లో ఉన్నాడా?

నా నవ్వు ఆగిపోయింది. పెద్దసారు నాకు చేయబోయిన పని నేను అన్నకు చేసేశాను. సిగ్గుతో చచ్చిపోయాను. వెంటనే ఫోన్ చేశాను.

"అన్నా, పేపర్ల నీ పేరు గూడ పెడ్త."

"పెడితే తప్పులు గూడ నా మీదికొస్తయా మేడం?"

"వస్తయి."

"అట్లయితే ముందుగాల సదివి వినిపియ్యి. సూడకుంట నేను కాటా చిట్టీ మీద గూడ సంతకం పెట్ట."

ఆ ఆదివారం వెళ్లి, ఇంగ్లీషు పేపర్‌ను తెలుగులో చెప్పుకొచ్చాను. నాలుగో పేజీ దగ్గర చెయ్యి అడ్డం పెట్టాడు. "బండ్లన్నిటినీ గేటు కాడ ఆపుతమని రాసినవ్. ఎడ్లబండ్లను ఆపం మేడం. లోడుతోని నిలవెడితే ఎడ్ల మెడలు పుండ్లయితయి. గవి సీదా కాటాకే పోతయి."

అది అట్ట మీద లేదు. అక్కడ అందరికీ తెలిసిందే కాబట్టి ఎవరూ రాయలేదు. మూడు చోట్లా ఒకటే నియమమన్న నా గొప్ప వాదానికి అంత పెద్ద చిల్లు పడింది. ఆ పేజీ మొత్తం తిరగరాశాను.

ఈలోగా పెద్దసారుకు కబురు తెలిసింది. తన పేరూ పెట్టమంటూ, పేపర్‌లో వేయడానికి ఫొటోతో సహా వచ్చారు. నేను మొహం గంభీరంగా పెట్టాను.

"పెడ్త సార్, నా పేరు, కాటా అన్న పేరు పక్కన. గని నాలుగో పేజీల పెద్ద తప్పు దొరికింది. ఇంకెన్ని ఉన్నయో! పేరున్నోళ్లందరం జవాబు చెప్పుకోవాలె. జర చదివి పెట్టుండ్రి."

ఆరు పేజీలూ ఆయన చేతిలో పెట్టాను. మూడు రోజులకు అవి ఒక్క మడతైనా పడకుండా నా టేబుల్ మీదికి వచ్చాయి. "ఈసారికి మీ ఇద్దరి పేర్లే పోనియ్యి అమ్మా," అన్నారు.

పోనిచ్చాను. ఆలోచనా అన్నదే, తప్పు పట్టుకున్నదీ అన్నే. న్యాయంగా ఆయన పేరే ముందుండాలి. కానీ గడి ముందు కూర్చోగానే పీహెచ్‌డీ గుర్తొచ్చి నా పేరు ముందు కొట్టుకున్నాను. ఆ గుణం మాత్రం పెద్దసారు దగ్గర అబ్బిందే.