పై అరలో సగం నవల

మా ఇంటి ముందుగదిలో ఒక అద్దాల బీరువా ఉంది. నంద్యాలలో మా ఇంటికి ఎవరొచ్చినా ముందు దాని ఎదుట కాసేపు నిలబడాలి, ఆ తర్వాతే కాఫీ. ఆధునిక రచయితల్లో గొప్పవాళ్లెవరో తేల్చే పని నాకెవరూ అప్పగించలేదు, నేనే తీసుకున్నాను. పై అరలో మహా రచయితలు, నడిమి అరలో పరవాలేదనిపించినవాళ్లు, కింది అరలో బంధువులు బహుమతిగా ఇచ్చిన పుస్తకాలు. కాలేజీలో పాఠం చెప్పే గొంతుతోనే, "ఈయన పై అరకు రావడానికి ఇంకా టైముంది" అనేవాణ్ణి. మా ఆవిడ దుమ్ము దులిపేటప్పుడు కావాలనే ఒకరిద్దరిని కింది నుంచి పైకి ఎక్కించేది. అది కనిపెట్టడానికి నాకు నెలలు పట్టేది.

పై అరలో అందరికంటే ముందుండే నవల మాత్రం ఎప్పుడూ కదల్లేదు. దానికి పాత క్యాలెండరు కాగితంతో అట్ట వేశాను. ఎందుకంటే లోపలున్నది సగం పుస్తకమే.

మిగతా సగం ఆళ్లగడ్డలో మా మేనత్త కొడుకు దగ్గర ఉంది. నాకంటే పెద్దవాడు, వరసకు బావ. అక్కడ ఆయనకు విత్తనాల అంగడి. వయసులో ఉన్నప్పుడు మా ఇద్దరికీ చదువు పిచ్చి ఉండేది, ఓపిక ఉండేది కాదు. అందుకని ఏ లావు నవల దొరికినా బావ బ్లేడుతో దాని వీపు కోసి రెండు చేసేవాడు. గోనెసంచులు కుట్టే దబ్బనంతో, పురికొసతో ఆ సగాలను విడివిడిగా కుట్టేవాడు. ముందు సగం నాది, వెనక సగం ఆయనది. ఆదివారం ఆళ్లగడ్డ బస్టాండులో మార్చుకునేవాళ్లం. కథ చివర ఆయనకు ముందే తెలిసిపోయేది కాబట్టి, బావ బస్సు కిటికీ దగ్గర నిలబడి, "ఎవరు సస్తారో సెప్పమంటావా?" అని బెదిరించేవాడు. నేను చెవులు మూసుకునేవాణ్ణి.

ఈ నవలను కోసిన వారమే బంధువుల పెళ్లి వచ్చింది. పంక్తిలో పక్కపక్కనే కూర్చున్నాం. బావ తనకిష్టమైన ఒక రచయిత గురించి ఉత్సాహంగా చెబుతున్నాడు. నాకు కాలేజీ ఉద్యోగం కొత్త, కళ్లు నెత్తికెక్కిన రోజులు. పదిమందీ వినేలా, "అది సాహిత్యం కాదు బావా, విత్తనాల మూటలు కట్టేవాళ్లకు పొద్దుపోవడానికి రాసింది" అన్నాను. వరసంతా నవ్వింది. బావ నవ్వలేదు. కలిపిన అన్నం విస్తట్లో అలాగే వదిలి లేచిపోయాడు. మా వైపు విస్తరి ముందు నుంచి మనిషి లేస్తే, లేపినవాడు వెనకాలే వెళ్లి చెయ్యి పట్టుకుని తీసుకురావాలి. నేను వెళ్లలేదు. పాయసం వస్తోంది.

ఆ తర్వాత మా మధ్య మాటల్లేవు. ఏళ్ల తరబడి ఒకే పెళ్లికి వెళ్లినా వేర్వేరు పంక్తుల్లో తిన్నాం.

నా దగ్గర మిగిలిన సగాన్ని పై అరలో మొదట పెట్టాను. ఒకసారి క్లాసులో ఒక అమ్మాయి, "సార్, చివరికేమవుతుంది?" అని అడిగింది. చదవలేదని చెప్పొచ్చు. నేను కిటికీలోంచి కాసేపు బయటికి చూసి, "ముగింపును రచయిత పాఠకుడికే వదిలేశాడు" అన్నాను. క్లాసంతా నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దం నాకు బాగా నచ్చింది. మరుసటేడు ఆ మాటను ఇంకొంచెం సాగదీశాను. పోనుపోను, అలా వదిలేయడంలోనే ఆధునికత అంతా ఉందని సభల్లో వాదించాను. ఈలోగా ఆ నవల మళ్లీ అచ్చయింది. నంద్యాలలో పుస్తకాల అంగట్లో చేతికి తీసుకుని, కొనకుండా పెట్టేశాను. కొంటే బావ దగ్గరున్న సగంతో నాకిక పనుండదు. మాట కలపడానికి నాకు మిగిలిన సాకు అదొక్కటే.

మొన్న చలికాలంలో ఆళ్లగడ్డలో పుస్తకాలు చదివేవాళ్లు కొందరు, నాకు నచ్చిన నవల గురించి మాట్లాడమని పిలిచారు. ఒక మేడ మీది గది, ప్లాస్టిక్ కుర్చీలు. నా సగాన్ని సంచిలో పెట్టుకుని వెళ్లాను. లేచి నిలబడ్డాక చూశాను, చివరి వరసలో బావ. జుట్టు పూర్తిగా తెల్లబడింది. ముగింపు ఊసెత్తకూడదనుకున్నాను. అయినా అలవాటైన నోరు అలవాటైన చోటికే పోయింది.

"ముగింపును రచయిత మనకే వదిలేశాడు" అన్నాను.

"యాడ వదిలేసినాడప్పా?" వెనక నుంచి బావ గొంతు. "ముగింపు మా ఇంట్లో ఉండాది. ఇనప బీరువాలో."

గదంతా గొల్లున నవ్వింది. పెళ్లి పంక్తిలో ఆయనకెలా ఉండి ఉంటుందో అప్పుడు తెలిసింది. దాచడానికి ఇంకేం లేదు. సగమే చదివానని, మిగతాదంతా నా కల్పనేనని చెప్పేశాను. వాళ్లకు నా ప్రసంగం కంటే అదే నచ్చినట్టుంది.

సభ అయ్యాక మెట్ల దగ్గర బావ చెయ్యి పట్టుకున్నాను. "ఆ పొద్దే నీ వెనక రావాల్సింది బావా. తప్పు నాదే."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "పాయసం అంత బాగుండిందా?"

ఇంటికి తీసుకుపోయి జొన్నరొట్టె, శనక్కాయల పచ్చడి పెట్టించాడు. తింటూ అడిగాను, "ముందు సగం లేకుండా నీకెట్ల అర్థమైంది?"

"అర్థమయ్యేదేందీ? ఎవురు ఎవురికి ఏమైతారో తెలిస్తే గదా! అట్ల మొదలుపెట్టడమే ఈ కాలం రచయితల గొప్పతనమని అంగటికొచ్చినోళ్లందరికీ సెప్తాండా."

నాకు పొలమారింది. బావ భార్య, నాకు వరసకు అక్క, వంటింట్లోంచి తొంగి చూసి, "ఏందీ, మళ్లా కలిసినారా మీరిద్దరూ?" అని నీళ్ల చెంబు తెచ్చి పెట్టింది.

బస్టాండులో సగాలు మార్చుకున్నాం. బస్సు కదలబోతుంటే బావ కిటికీ పట్టుకుని, "సెప్పమంటావా?" అన్నాడు. నేను చెవులు మూసుకున్నాను. పక్క సీటాయన కొంచెం దూరం జరిగి కూర్చున్నాడు.

ఆ వారంలోనే చదివేశాను. ముగింపు ఉంది. ఎవరూ చావరు. అందరి తగాదాలూ తీరిపోయి, మిగిలినవాళ్లకు పెళ్లిళ్లయిపోతాయి. ఇన్నేళ్లూ నేను పొగిడింది దీన్నా! బావకు ఫోన్ చేశాను.

"ముగింపు ఏం బాలేదు బావా."

"నీ మొదలు మాత్రం ఏం బాగుండాది? వానతోనే సగం పుస్తకం తడిసిపాయ." మళ్లీ తనే అన్నాడు, "ఆదివారం రా, కూచ్చోని కొట్లాడుకుందాం. ఇంకోటేదన్నా లావుది పట్టకరా. బ్లేడు నా దగ్గరుండాది."

పై అర ముందు నిలబడి, పేరు చెప్పుకోవడమే తప్ప ఎన్నడూ తెరవని ఒక మహా రచయిత పుస్తకాన్ని బయటికి లాగాను. మా ఆవిడ చూసింది.

"దీన్నన్నా చదువుతారా?"

"సగం" అన్నాను.