దాటేసిన ప్రకరణం

ఎండాకాలంలో ఇక్కడ గల్ఫ్‌లో మధ్యాహ్నం పూట బయట పని చేయించకూడదని చట్టం. అల్ హైల్‌లో మేం కడుతున్న విల్లా సైట్లో ఆ కాసేపు సుత్తుల చప్పుడు ఆగిపోతుంది. మిగతావాళ్లు కింది గదుల్లో అట్టముక్కలు పరుచుకుని పడుకుంటారు. నేను మెట్ల కింద నీడలో కూర్చుని, హెల్మెట్ బోర్లించి, దాని మీద ఫోన్ నిలబెట్టి, నా భార్యకు నవల చదివేవాణ్ణి.

చదివి వాయిస్ పంపేవాణ్ణి అనాలి. జగిత్యాల పక్క మా ఊళ్లో ఆమె బీడీలు చేస్తుంది. ఆ వేళకు మా అరుగు మీద నలుగురైదుగురు ఆడవాళ్లు ఒళ్లో చాటలు పెట్టుకుని కూర్చుంటారు. చేతులు తునికాకు కత్తిరిస్తూ, తంబాకు పోస్తూ, దారం చుడుతూ ఉంటాయి. చెవులకు మాత్రం పనేమీ ఉండదు. మా ఇద్దరి మధ్య "తిన్నవా" "తిన్న" తప్ప ఇంకో మాట మిగలడం లేదని భయం పట్టుకుని, ఆ చెవుల కోసం చదవడం మొదలుపెట్టాను.

భయానికి ఇంకో కారణం కూడా ఉంది. నా కాంట్రాక్టు అయిపోవస్తోంది. ఇంకో రెండేళ్లకు కంపెనీ కొత్త కాగితం తయారుచేసింది. ఆ సంగతి చెబితే ఆమె "నీ ఇష్టం" అంది. అంతే. రమ్మని ఒక్కసారి అంటుందని నా ఆశ. అడిగి అనిపించుకోవడం నాకు చేతకాదు. ఇల్లు కట్టాం, ఇక ఇక్కడే ఉండాల్సినంత అవసరమూ లేదు. అయినా ప్రతిసారీ కాగితం వస్తుంది, నేను సంతకం పెడతాను.

నవల సంగతి చెప్పాలి. బానిసత్వం మీద అమెరికాలో ఒక గృహిణి ఎప్పుడో రాసిన పుస్తకం, తెలుగులో కుదించింది. మా మండల గ్రంథాలయంలో అట్ట ఊడిపోయిందని పక్కన పడేస్తే, నా ఆరాటం చూసి లైబ్రేరియన్ నాకే ఇచ్చేశాడు. పదో తరగతి తప్పినవాణ్ణి. ఆ గ్రంథాలయంలో చెక్కబల్ల మీదే నా డిగ్రీ, నా పీజీ. ఈ మాట చెప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు. ఆ నవల చదివి ఆ దేశంలో ఎంతోమంది ఏడ్చారనీ, బానిసల యజమానులు మండిపడ్డారనీ, కొన్ని చోట్ల అది దగ్గర పెట్టుకోవడమే నేరమైందనీ, తర్వాత జరిగిన యుద్ధానికి దాన్ని కూడా ఒక కారణంగా చెప్పుకున్నారనీ ముందుమాటలో ఉంది. అక్కడితో ఆగకుండా ఇంకో పుస్తకం వెతికి చదివాను. కాలం గడిచాక అక్కడి నల్లవాళ్లే, కథలోని ముసలి బానిస మరీ అణిగిమణిగి ఉన్నాడని విసుక్కున్నారట. అతని పేరు వాళ్లలో తిట్టయిపోయిందట.

ఇదంతా రూమ్‌లో చెబుతుంటే కడప నుంచి వచ్చిన డ్రైవర్, నేను తమ్ముడని పిలిచే కుర్రాడు, నవ్వేవాడు.

"ఏం లైబ్రరీ సారూ, ఈ పొద్దు ఎవర్ని అమ్మినారు? మనల్ని గూడా ఎవురన్నా కొంటారేమో సూడు. నాకైతే బిర్యానీ పెట్టే అర్బాబ్, అదే యజమాని, కావల్ల."

"మనల్ని ఎవరూ కొనలేదు తమ్మీ. మనమే వీసా కోసం తిరిగినం."

"ఏందన్నా తేడా? పొద్దున బస్సెక్కుతాం, రాత్రి దిగుతాం. మనమూ బానిసలమే."

ఆ మాట నాకు నచ్చదు. చంకలోంచి బిడ్డను లాక్కుని అమ్మేస్తే ఏమీ చేయలేకపోయినవాళ్ల కథ అది. నాకు జీతం వస్తుంది, సెలవు వస్తుంది, టికెట్ వస్తుంది. వాళ్ల బాధను తెచ్చి నా భుజాన వేసుకుంటే వాళ్లను తక్కువ చేసినట్టే. ఇలా చెబితే అతను రెండు చేతులూ జోడించి, "సరే సారూ, టీ తాగుదాం పా" అనేవాడు.

అక్కడ అరుగు మీద మాత్రం కథ వేరేగా నడిచింది. పక్కింటి పెద్దమ్మ పెద్ద విమర్శకురాలు. బానిసను అమ్మిన దొర భార్య కన్నీళ్లు పెట్టుకునే చోట ఆమె అన్న మాట నా భార్య తిరిగి పంపిన వాయిస్‌లో నాకు స్పష్టంగా వినిపించింది. "కండ్లల్ల నీళ్లున్నయి గని నోట్లె మాట లేదా దానికి?"

కొన్నాళ్లకు నా భార్య ఇంకో కబురు పంపింది. కార్ఖానాలో బీడీలు ఎంచేవాడు బాగాలేవని కొన్నింటిని పక్కకు తీస్తాడు. వాటికి కూలి ఉండదు, తిరిగి ఇవ్వడు కూడా, తర్వాత అమ్ముకుంటాడు. ఆ రోజు పెద్దమ్మ అడ్డం తిరిగిందట.

"బాగలేకుంటే మా ముందటనే తుంచెయ్ అన్నది. వాడు నవ్విండు. మేమందరం గట్లనే నిలవడ్డం. తుంచనూ లేదు, ఏమననూ లేదు, మల్ల మా కట్టలల్లనే కలిపి లెక్కవెట్టిండు. నీ పుస్తకం పాడుగాను, పెద్దమ్మకు నోరచ్చింది." చెబుతూ ఆమె నవ్వింది. ఆ నవ్వు కోసం ఆ వాయిస్ ఎన్నిసార్లు విన్నానో.

ఆ తర్వాత ఒక ప్రకరణం దగ్గర నేను ఆగిపోయాను. ముసలి బానిసను అమ్మేశారు. తీసుకుపోవడానికి వ్యాపారి వస్తాడు. ఆ పొద్దున భార్య అతని చొక్కాలు ఇస్త్రీ చేసి పెట్టెలో సర్దుతుంది. నా సెలవు అయిపోయిన ప్రతిసారీ నా భార్య చేసే పని అదే. చొక్కాల మధ్య మామిడి తొక్కు సీసా దూర్చి, నా మొహం చూడకుండా సూట్‌కేసు జిప్పును తిడుతుంది. ఆ పేజీలు గట్టిగా చదవబోయి రెండుసార్లు రికార్డింగ్ ఆపేశాను. ఆ ప్రకరణం వదిలేసి తర్వాతి పడవ ప్రయాణానికి పోయాను.

గంట గడవక ముందే అరుగు మీద పట్టేశారు. నా భార్యే అడిగింది. "గా ముసలోడు పడవల ఎట్లవడ్డడు? నిన్న ఇంట్లనే ఉండె గద. పెండ్లాం ఏమన్నది?"

"ఆ పేజీలు చెదలు తిన్నయి."

"చెదలు గామె కాడికచ్చే తిన్నయా? సక్కగ చదువు."

మర్నాడు చదివాను. పక్కనే మొహం మీద తువ్వాలు కప్పుకుని పడుకున్న కడప తమ్ముడు ఈసారి ఎగతాళి చేయలేదు. నేను ఆపాక లేచి, "టీ తెచ్చాండా అన్నా" అని వెళ్లిపోయాడు. వాయిస్ విన్నట్టు ఫోన్లో గుర్తు పడింది. జవాబు రాలేదు. శుక్రవారం గడిచింది. కాంట్రాక్టు కాగితం మీద ఆదివారం కల్లా ఏదో ఒకటి చెప్పమని ఫోర్‌మన్ ముందే అన్నాడు. ఆమెకు కోపం వచ్చిందనే అనుకున్నాను.

శనివారం మధ్యాహ్నం వచ్చింది.

"ఇగో. మొన్నటిసంది ఎవ్వలం పని సక్కగ చెయ్యలే. పెద్దమ్మ అయితే చాట పక్కన వెట్టి కూసున్నది. నిన్నొకటి అడుగుత. గా ముసలాయనను పోతవా ఉంటవా అని ఎవలన్న అడిగిండ్రా? అడగలే. నిన్ను అడుగుతుండ్రు. కాయితం వట్టుకొని మరీ అడుగుతుండ్రు. అడిగినంక గూడ నోరు మూసుకొని సంతకం వెడితే నేనేమనాలె?" కాసేపు కత్తెర చప్పుడు. "నేను గూడ ఇన్నొద్దులు అడగలే. ఆడ ఉండుడే నీకు ఇష్టమేమో అనుకున్న. ఇప్పుడు అడుగుతున్న. ఇంటికచ్చెయ్."

ఆదివారం పొద్దున ఫోర్‌మన్ కాగితం చాపాడు. నేను తీసుకోలేదు.

"పక్కా?" అన్నాడు.

"పక్కా."

నా చోటికి ఇంకో మనిషి వచ్చాక టికెట్ ఇస్తామన్నారు. ఇంకా రాలేదు. రోజూ అడుగుతూనే ఉన్నాను. నవలలో చివరి ప్రకరణం ఒక్కటే మిగిలింది. దాన్ని ఆమె చదవనివ్వడం లేదు. "ఆఖరిది ఫోన్ల వద్దు. ఇక్కడికచ్చి అరుగు మీద కూసొని చదువు. పెద్దమ్మ గూడ గదే అంటున్నది." పుస్తకం సూట్‌కేసులో అన్నిటికన్నా పైన ఉంది.

మధ్యాహ్నాలు ఇప్పుడు నాకు చదివే పని లేదు. అయినా అలవాటుగా మెట్ల కిందే కూర్చుంటాను. ఫోన్ హెల్మెట్ మీదే ఉంటుంది. ఇప్పుడు ఆమే నాకు పంపుతోంది. ఆ వాయిస్‌లో ఎవరూ మాట్లాడరు. ఆకు కత్తిరిస్తున్న చప్పుడు, ఎవరో దగ్గడం, వాకిట్లో కోడి, మళ్లీ కత్తెర. అయిపోగానే మొదటినుంచి పెట్టుకుంటాను.