రాజమ్మత్త చూడని రెండో భాగం

ఉడికిన మైదా జిగురు వాసన వీధి దాటి నా దాకా వచ్చింది. తమిళనాడు ధర్మపురిలో, నేను నర్సుగా పనిచేసే ఆసుపత్రి ఎదుట రోజూ బస్సు దిగే చోట ఒకాయన నిచ్చెన ఎక్కి తడి పోస్టరును గోడకు అదుముతున్నాడు. ముందు నెరిసిన జుట్టు కనిపించింది, తర్వాత పెద్ద బొట్టు, ఆ తర్వాత చేతిలో గరిటె. గరిటె చూడగానే గుర్తుపట్టాను. సినిమా పేరు పక్కన రెండు అంకె పెద్దదిగా ఉంది. పాతికేళ్ల తర్వాత ఆ సినిమా దయ్యం మళ్లీ వచ్చింది. ఆ రోజు ఆసుపత్రిలో నా మనసు నిలవలేదు. ఒకే రోగికి రెండుసార్లు బీపీ చూశాను. ఏదో ఒక వంకతో గేటు దాకా వెళ్లి ఆ గోడ వైపు చూసి వచ్చాను. ఈ సంగతి చెప్పవలసిన మనిషి ఒక్కరే. ఆమె ఇప్పుడు లేదు.

ఆమె రాజమ్మత్త. మాకు చుట్టం కాదు. ధర్మపురి దగ్గరి ఇండూరులో మా ఇంటికి రెండిళ్ల అవతల ఉండేది. భర్త మేస్త్రీ. ఆమె ఆయన వెంటే కట్టడం పనికి పోయి తట్టల్లో సిమెంటు అందించేది. ఏ భాషలోనూ ఒక్క అక్షరం రాదు. మేం మాట్లాడేది తెలుగే అయినా నాకు బడిలో నేర్పింది తమిళమే. ఇది రాస్తున్న తెలుగు అక్షరాలు ఈమధ్య నేర్చుకున్నవి. ఆమె మాటలు ఆమె భాషలోనే రాయాలని నేర్చుకున్నాను.

నాకు ఎనిమిదేళ్లప్పుడు మా అమ్మ పోయింది. చిన్న వయసులో పోయినవాళ్లు దయ్యమై తిరిగొస్తారని వీధిలో పిల్లలు చెప్పారు. అప్పటినుంచి నాన్న పని నుంచి వచ్చేదాకా నేను ఇంట్లో అడుగుపెట్టేదాన్ని కాదు. ఒకరోజు అరుగు మీద కూర్చున్న నన్ను రాజమ్మత్త చూసింది.

"ఏమే పాపా, ఇంట్లోకి పోకుండా ఈడ కూసోనుండావు?"

చెప్పాను. దయ్యాల్లేవని ఆమె అనలేదు, నన్ను దగ్గరికి తీసుకుని ఓదార్చనూ లేదు. "రేపు పడానికి పోదాం, రా. పేయి పడమే," అంది. దయ్యం సినిమాకు పోదామని! మర్నాడు ఆమె పనికి పోకుండా నన్ను మ్యాట్నీకి తీసుకుపోయింది.

ఆ సినిమాలో కోడలు పెట్టే చారు నచ్చక చచ్చిపోయిన అత్త తిరిగొస్తుంది. గరిటె పట్టుకుని వంటింట్లో ప్రత్యక్షమై పళ్లు కొరుకుతుంది. కోడలికి కళ్లద్దాలు లేకపోతే ఏమీ కనబడదు. దాన్ని పక్కింటావిడ అనుకుని, "కాస్త చింతపండు అందివ్వండి," అంటుంది. దయ్యం బిత్తరపోయి చింతపండు అందిస్తుంది. నేను రాజమ్మత్త ఒడిలో మొహం దాచుకున్నాను. ఆమె నవ్వుతో నా తల ఎగిరెగిరి పడింది. ముందు వరసలోవాళ్లు వెనక్కి తిరిగి చూశారు. ఆమె లెక్కచేయలేదు. చివరికి నేను కూడా తలెత్తి చూశాను.

తిరుగు బస్సులో అడిగింది. "మీ అమ్మ వస్తే ఏం జేస్తాది, చెప్పు?"

"నా తల చూస్తుంది."

"చూసి?"

"పేలున్నాయని తిడుతుంది."

"అంతే కదా. దానికి భయమెందుకే?"

మర్నాడు పొద్దున నేను ఒక్కదాన్నే ఇంట్లోకి వెళ్లి అమ్మ దువ్వెన తీసుకుని తల దువ్వుకున్నాను.

సినిమా చివర ఆ దయ్యం వాకిట్లో ఆగి, మళ్లీ వస్తానని చెప్పి పోతుంది. రాజమ్మత్త దాన్ని గట్టిగా నమ్మింది. వారం వారం తమిళ పేపరు నా చేతికిచ్చి, "రెండోది ఎప్పుడంట?" అని అడిగేది. మొదలైందని ఒకసారి చదివాను, ఆగిపోయిందని రెండుసార్లు చదివాను. సినిమా వార్తలతో మొదలుపెట్టి పేపరు మొత్తం చదివించేది. నేను చదువులో పడింది అలాగే. సినిమా రాకపోయేసరికి రెండో భాగం తనే కల్పించి, తట్టలు మోస్తూ తోటి కూలీలకు చెప్పేది. ఒక్కోరోజు ఒక్కో కథ.

నేను సేలంలో నర్సింగు చదువుతుండగా ఆమె భర్త గోడ కట్టేందుకు వేసిన కర్రల సారువ మీద నుంచి పడి చనిపోయాడు. పదహారో రోజు కర్మకు వెళ్లాను. ఆమె గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నాకు తెలిసిన మందు ఒక్కటే. పక్కన చేరి మెల్లగా అడిగాను. "మామ వస్తే ఏం చేస్తాడత్తా?"

ఆమె నా వైపు చూసిన చూపు ఇప్పటికీ ఒంట్లో గుచ్చుకుంటుంది. "అడగొద్దు," అంది. అంతే. నేను లేచి బస్సెక్కి వచ్చేశాను. ఆ తర్వాత సెలవులకు ఊరికి వెళ్లినా ఆ రెండిళ్లు దాటి పోలేకపోయాను. చదువుతుంటే, నడుస్తుంటే, అన్నం తింటుంటే ఆ ఒక్క మాటే వినపడేది.

ఏడాది గడిచాక ఒక మధ్యాహ్నం మా హాస్టల్ గేటు దగ్గర నిలబడి కనిపించింది. సేలంలో పని పడిందట. సిమెంటు మరకల చీరతోనే వచ్చింది.

"ఆ పొద్దు అడిగితివి కదా, ఇప్పుడు చెప్తా విను," అంది. "వస్తే గోడ చూస్తాడు. దారానికి గుండు కట్టి ఏలాడేసి, వంకర ఉండాదా అని చూస్తాడు. 'ఏ గాడిద కట్టినాడురా ఈ గోడ' అంటాడు."

ఆ గేటు దగ్గరే ఇద్దరం పగలబడి నవ్వాం. నవ్వుతూనే నేను ఏడ్చాను. "నేను అలా అడగకూడదత్తా," అన్నాను.

"అడిగింది తప్పు కాదు పాపా. నాకే నోరు పెగల్లేదు. నువ్వు అడిగేసి పారిపోతివి చూడు, అదే తప్పు. రోంత సేపు ఉండాల్సింది."

పోయిన వానాకాలం ఆమె జ్వరంతో పోయింది. నాకు కబురు అందేసరికి అంతా అయిపోయింది. అప్పుడు కూడా నేను ఉండలేదు.

ఆదివారం మ్యాట్నీకి ఒక్కదాన్నే వెళ్లాను. రెండో భాగం బాగాలేదు. దయ్యం కంప్యూటర్ బొమ్మలా గాల్లో గిరగిరా తిరిగింది. మోత తప్ప నవ్వు లేదు. కుర్చీలో ఇటూ అటూ కదులుతూనే ఉన్నాను. ఆమె కల్పించిన కథల్లో ఏ ఒక్కటైనా దీనికన్నా నయం. అవి రాసిపెట్టుకోనందుకు నన్ను నేను తిట్టుకుంటూ బయటికి వచ్చాను.

నిలకడలేని మనిషిని నేను. ఒకచోట కుదురుగా కూర్చోవడం నా వల్ల కాదు. ఒక్క సందర్భంలో మాత్రం కూర్చుంటాను. సోమవారం పొద్దున మా వార్డులో పిక్కిలి అనే ఊరి నుంచి వచ్చిన ఒక రైతు భార్య చనిపోయింది. శవాన్ని తీసుకుపోయే బండి వచ్చేదాకా ఆయన వరండాలో బెంచీ మీద కూర్చున్నాడు. నేను పక్కన కూర్చున్నాను. ఏమీ అడగలేదు. నా కాలు ఊగుతూనే ఉంది, లోపలి నుంచి రెండుసార్లు పిలుపు వచ్చింది. నా బదులు ఇంకో నర్సును పంపించాను.

చాలాసేపటికి ఆయన నోరు విప్పాడు. "ఆమె ఉంటే ఇప్పుడు నన్ను తిట్టుండును."

"ఏమని?"

"గుండీలు తప్పు పెట్టుకోనుండానని."

చొక్కా వైపు చూసుకున్నాడు. ఒక్కొక్క గుండీ విప్పి మళ్లీ సరిగ్గా పెట్టుకోవడం మొదలుపెట్టాడు. చివరి గుండీ పెట్టుకునేదాకా నేను అక్కడే ఉన్నాను.