దారిలో తరిగిపోయే డబ్బు

పరాయి దేశంలో పిల్లల పుస్తకాలు వేసే ఒక సంస్థకు నేను చిక్కడపల్లిలో ఇంట్లో కూర్చునే తెలుగు ప్రూఫులు దిద్దుతాను. నాలుగేళ్ళయింది. పని మంచిదే, డబ్బు వచ్చే దారే దరిద్రం. వాళ్ళు పంపినంత ఏనాడూ నా ఖాతాకు చేరలేదు. ప్రతిసారీ దారిలో ఎవరో కోసుకుని, మిగిలింది నా మొహాన కొడతారు.

మొన్న వేసవిలో ఆ కోత మా అమ్మ చెవుల మీద పడింది. ముషీరాబాద్‌లో ఉండే పెద్దమ్మతో రోజూ గంటసేపు ఫోన్లో ముచ్చట్లాడే మనిషి, వినికిడి తగ్గి, ఏమన్నా "ఆ, ఆ" అని పెట్టేస్తోంది. బర్కత్‌పుర దుకాణంలో ఎలా పనిచేస్తుందో చూద్దామని చెవి మిషన్ పెట్టించి పెద్దమ్మకు ఫోన్ చేస్తే, అక్క గొంతు గుర్తుపట్టి అక్కడే ఏడ్చింది. శనివారం దుకాణం మూసేలోపల మొత్తం కడితేనే తగ్గింపు ధరన్నారు. ఆ నెల నాకు రావలసిన డబ్బు, కోత పడకుండా వస్తే, దానికి సరిగ్గా సరిపోతుంది.

శుక్రవారం డబ్బు పడింది, మూడు వేల పైచిలుకు తక్కువగా. ఆ మాత్రం ఎవరినైనా చేబదులు అడగొచ్చు కదా అంటారేమో. అడిగే నోరే ఉంటే నా బతుకు ఇలా ఎందుకుండేది!

నారాయణగూడలో మా బ్యాంకుకు వెళ్ళి ఆఫీసరమ్మ ముందు కూర్చున్నాను.

"మేం తీసింది కొంచమే మేడం. నడుమ ఇంకో బ్యాంకు ఉంటది, వాళ్ళు కట్ చేసిన్రు."

"మా నడుమ వాళ్ళకేం పని?"

"పైసలు వాళ్ళ మీదికెళ్ళే రావాలె."

ఎవరో కొరికి ఎంగిలి చేసిన జామకాయ చేతిలో పెట్టినట్టు అసహ్యమేసింది. ఆమె ఒక కాగితం తీసి వేలు పెట్టి చూపించింది.

"చూడుండ్రి, చార్జీలన్నీ మీ మీదనే ఏసిన్రు. పంపెటోళ్ళనే అడగాలె."

కోపం మొహమాటాన్ని మింగేసింది. అక్కడే కూర్చుని ఫోన్లో సంస్థవాళ్ళకు ఘాటుగా ఉత్తరం కొట్టాను. ఫ్లైఓవర్ కింద బస్సు కోసం నిలబడగానే జవాబొచ్చింది. చార్జీలు తామే పెట్టుకుంటామని మొదట్లోనే అన్నారట, నేనే వద్దన్నానట. వచ్చే నెల నుంచి మారుస్తామంటూ నా పాత ఉత్తరం కూడా జతచేశారు. అందులో నా వినయమంతా ఒలకబోసి రాసుకున్నాను: "అన్నీ నా లెక్కలోనే వేయండి, మీకెందుకు శ్రమ." థూ, ఇదా నేను చేసింది! నాలుగేళ్ళు బ్యాంకులను తిట్టిన తిట్లన్నీ తిరిగొచ్చి నాకే తగిలాయి.

అమ్మకు చెబితే వినపడదు. శనివారం సాయంత్రం కాగితం మీద పెద్దపెద్ద అక్షరాలతో నా నిర్వాకమంతా రాయాల్సి వచ్చింది. కళ్ళజోడు పెట్టుకుని ఆఖరుదాకా చదివింది.

"మొహమాటానికి పోతే కడుపైందంట," అంది, మేడ మీదివాళ్ళకు కూడా వినపడేంత గట్టిగా. తర్వాత ఫోన్ నా చేతికిచ్చింది. "మా అక్క ఎదురుచూస్తుంటది. ఇంకో నెల ఆగమని నువ్వే చెప్పు."

చెప్పాను. పెద్దమ్మ అంతా విని, "ఎంత తక్కువున్నయి బిడ్డా? నా తాన ఉన్నయి, ఇప్పుడే పంపిస్త," అంది.

దుకాణం మూయడానికి ఇంకా గంట టైముంది. అమ్మ నా పెదవుల వైపే చూస్తోంది.

"వద్దు పెద్దమ్మా," అన్నాను, "నీకెందుకు శ్రమ."